హనోయ్ పున్నమి, గుప్పెడు పేలాలు

మహాలయ పక్షం దగ్గర పడుతుందంటే చాలు, నాకు ఎటన్నా పారిపోవాలనిపిస్తది. పెద్దలకి పెట్టుకునే పదిహేను రోజులవి. అందరిళ్ళల్లో ఎట్టా ఉంటదో నాకు తెలీదు, మా ఇంట్లో మాత్రం అది గండం. అమావాస్యనాడు పురోహితుడు వస్తాడు. మా నాన్నకి, తాతకి, ముత్తాతకి నాచేత నువ్వులూ నీళ్ళూ వదిలిస్తాడు. స్వయంపాకం మూట కట్టించుకుంటాడు, బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ ముక్క, అన్నీ. అంతవరకూ బానే ఉంటది. లేచే ముందు గొంతు తగ్గించి, "మరి పెద్దబ్బాయిగారి సంగతి ఏం చేద్దాం?" అంటాడు. అంతే, మా అమ్మ పీట మీంచి లేచి లోపలికి పోయి తలుపేసుకుంటది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తది. నేను చేతగాక పురోహితుడి మీద విసుక్కుంటా. పద్నాలుగేళ్ళుగా ఇదే తంతు.

పెద్దబ్బాయి అంటే మా అన్న. మాది నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద పురుగుమందుల షాపు. పల్లెల మీద తిరిగేది వాడు, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేను. ఒక పొద్దున టీ తాగి, కారంపూడి దాకా పోయొస్తానని బండి తీశాడు. సాయంత్రానికి రాలా. మర్నాడు కారంపూడి అవతల సాగర్ కుడికాలువ గట్టు మీద బండి కనపడింది. స్టాండు వేసుంది. తాళం బండికే ఉంది. చెప్పులు పక్కపక్కనే, గుడి ముందు విడిచినట్టు బుద్ధిగా ఉన్నాయి. కాలువ నిండుగా పోతంది. లాకుల దగ్గర మూడు రోజులు ఈతగాళ్ళని పెట్టి వెతికించాం. ఏమీ దొరకలా. కాలు జారాడో, దూకాడో, చెప్పులు వదిలేసి ఏదన్నా లారీ ఎక్కాడో, ఈ రోజుకీ తెలీదు.

"చెప్పులు విడిచినోడు మళ్ళీ తొడుక్కోడానికే విడుస్తాడు" అంటది మా అమ్మ. "శవం లేకుండా చావేందిరా? వాడొస్తాడు." ఆ మాటకి ఎదురు చెప్పే దమ్ము మా చుట్టాల్లో ఎవరికీ లేదు. మా ఆవిడ అయితే ఈ గొడవలో అసలు తల దూర్చదు, తెలివైంది. నాకు మాత్రం, ఉన్నమాట చెబుతున్నా, మా అన్న మీద దుఃఖం కంటే కోపం ఎక్కువ. పోయేవాడివి ఒక ముక్క చెప్పి పోతే నీ సొమ్మేం పోయింది? చచ్చావా, బతికావా? ఒక్క మాట! ఇన్నేళ్ళల్లో ఆ మాట ఎన్నిసార్లు బండి తోలుకుంటా గాల్లోకి అరిచానో.

మధ్యలో నలిగింది వదిన. వాళ్ళకి పిల్లల్లేరు. నాకంటే రెండేళ్ళు పెద్దది. పెళ్ళిళ్ళకి పిలుస్తారు, పోద్ది. బొట్టు పెట్టే ఆమె భరిణె పట్టుకుని వరసగా ఒక్కొక్కరికీ పెట్టుకుంటా వచ్చి వదిన ముందు ఆగుద్ది. పెట్టొచ్చా, పెట్టకూడదా అని ఆ చెయ్యి గాల్లో ఆగుద్ది. ఒక్క క్షణమే. తర్వాత పెట్టుద్దనుకో. కానీ ఆ ఆగిన చెయ్యి ఉంది చూశారా, ఇంటికొచ్చాక కూడా వదినని వదలదు. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడదు.

మనిషి కనపడకుండా పోయి పన్నెండేళ్ళు దాటితే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యొచ్చట. ఆ తర్వాత అందరు పెద్దలతో పాటే వాడికీ పెట్టుకోవచ్చట. పురోహితుడు ఆ సంగతి చెప్పి రెండేళ్ళయింది. అమ్మ వినలా. "బతికున్న బిడ్డకి కొరివి పెడతారా? ముందు నాకు పెట్టండి, తర్వాత వాడికి పెట్టుకోండి" అంది. పోయినేడాది సెప్టెంబరులో నేను వియత్నాం పోతానికి పెట్టె సర్దుకుంటంటే వదిన గది బయట నిలబడి చెప్పింది. "ఈ అమావాస్యకి తేలిపోవాలి. ఉన్నాడంటే ఉన్నట్టు, పోయాడంటే పోయినట్టు. ఈ త్రిశంకు బతుకు నావల్ల కాదు. మీ అమ్మతో నువ్వే మాట్లాడు. నేను మాట్లాడితే మొగుడు చావాలని కోరుకునేదాన్ని అవుతా." తేల్చకపోతే వాళ్ళ అన్నగారింటికి వినుకొండ వెళ్ళిపోతానంది. వదిన ఊరికే బెదిరించే రకం కాదు. వచ్చాక మాట్లాడతానన్నా. అనేసి ఎయిర్‌పోర్టు దారి పట్టానా, హమ్మయ్య, వారం రోజులు తప్పించుకున్నా అనుకున్నా. సిగ్గులేని మాటే, కానీ అట్టాగే అనుకున్నా.

ఆ టూరు కూడా నేను కోరుకుంది కాదు. మా డీలర్లకి మందుల కంపెనీలు టార్గెట్ కొడితే విదేశాలు తిప్పుతాయి. అదేదో ఎండాకాలంలో పంపొచ్చుగా? మిరపనారు నాట్లేసే రోజుల్లో, రైతులు షాపు ముందు క్యూ కట్టే టైములో పంపుతారు. మాచర్ల నుంచి, సత్తెనపల్లి నుంచి, గుంటూరు నుంచి మొత్తం నలభై మందిమి. అందులో నాలాంటి కోమటి, గుడ్డు కూడా ముట్టనోడు, నేనొక్కణ్ణే. గోంగూర పచ్చడి, కందిపొడి, ఒక చిన్న రైస్ కుక్కర్ తీసుకుపోయా. హనోయ్‌లో రెండు రోజులు ఏది వాసన చూసినా చేపే. చివరికి ఆకుకూర మీద కూడా చేపరసం పోస్తారు, ఏం చెప్పేది! మాచర్ల డీలరు ఒకడు నా పక్కన కూర్చుని పీతల్ని విరుచుకు తింటా, "ఏం షావుకారూ, ఇయ్యాల కూడా దొడ్లో గడ్డేనా?" అని నవ్వేవాడు. వాడి నవ్వు విని నాకు సగం ఆకలి చచ్చేది.

మూడో రోజు పున్నమి. మన లెక్కలో ఆ ఏడు అది భాద్రపద పున్నమి, మర్నాటి నుంచే మహాలయ పక్షం. వాళ్ళ లెక్కలో ఏడో నెల పున్నమి. మా గైడు పాతికేళ్ళ పిల్ల, చేతిలో చిన్న జెండా పట్టుకుని బాతుల్ని తోలినట్టు మమ్మల్ని తోలుతుంటది. ఆ పొద్దున నా దగ్గరికొచ్చి ఇంగ్లీషులో, "సర్, ఈ రోజు మీకు మంచి రోజు. పున్నమికి మా వాళ్ళు చాలామంది మాంసం ముట్టరు. పక్కసందులో ఒక పెద్దావిడ హోటలుంది, మొత్తం శాకాహారమే" అంది. మధ్యాహ్నం తీసుకుపోయింది. అది హోటలు కాదు, ఇంటి ముందుగది. మోకాలెత్తు ప్లాస్టిక్ స్టూళ్ళు. డెబ్బై దాటిన ముసలామె, పొట్టిగా, మా ఊళ్ళో ఇడ్లీలమ్మే మామ్మల్లాగే నడుముకి గుడ్డ చుట్టుకుని, అడక్కుండానే వడ్డించింది. అన్నం, పుట్టగొడుగుల కూర, టోఫు వేపుడు, ఏదో తీగకూర. నా గోంగూర కలుపుకుని మూడు గిన్నెల అన్నం తిన్నా. ఆమె నా పచ్చడి సీసా వాసన చూసి, వేలితో నాకి, కళ్ళు పెద్దవి చేసి తల ఊపింది. వారంలో నాకు కడుపు నిండింది ఆ పూటే.

అందుకే సాయంత్రం అందరూ బజారు పోతంటే నేను మళ్ళీ ఆమె దగ్గరికే బయల్దేరా. గైడు పిల్ల కూడా అక్కడే తింటానని వెంట వచ్చింది. ఇంకా పూర్తిగా పొద్దుగూకలా. సందంతా ఇళ్ళ ముందు పేవ్‌మెంటు మీద చిన్న చిన్న బల్లలు వేసి పూజలు సర్దుతున్నారు. అగరొత్తుల పొగ. చిన్న ఇనప డబ్బాల్లో కాగితాలు తగలబెడుతున్నారు. పైన కరెంటు తీగల మధ్యలోంచి చందమామ అప్పుడే పైకొస్తన్నాడు. మన పున్నమే, మన చందమామే. ముసలామె కూడా గుమ్మం ముందు బల్ల వేసింది. దాని మీద చిన్న గిన్నెల్లో పల్చటి గంజి, ఉడకబెట్టిన చిలగడదుంపలు, చెరుకు ముక్కలు, బిస్కెట్లు, ఒక పళ్ళెంలో బియ్యమూ ఉప్పూ, ఇంకో పళ్ళెం నిండా పేలాలు.

పేలాలు చూసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మా తొలి ఏకాదశి పేలాలే! పున్నమి, అగరొత్తులు, చెరుకు, పేలాలు. ఇంకేం కావాలి, సత్యనారాయణస్వామి వ్రతం లాంటిదేదో అనుకున్నా. గైడు లోపల ఎవరితోనో మాట్లాడుతోంది. నేను బల్ల ముందు చెప్పులు విడిచి, చేతులు జోడించి, దణ్ణం పెట్టా. ప్రసాదం అడగటానికి మొహమాటమేంది? కుడిచేత్తో గుప్పెడు పేలాలు తీసుకుని, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకున్నా. మా పేటలో ఏ గుడికి పోయినా చేసే పనే.

ముసలామె కెవ్వుమంది. పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది. లోపల తింటన్న ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. ఎదురింటి ముందు కాగితాలు తగలబెడుతున్న ఆయన చేతిలో కాగితం చేతిలోనే పెట్టుకుని చూస్తన్నాడు. నేను నోట్లో ఉన్నది మింగాలా, ఊసెయ్యాలా తెలీక గుటకేసి మింగేశా. గైడు పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"సర్, ఇది దేవుడి బల్ల కాదు" అంది.

"మరి ఎవరిది?"

"ఎవరూ లేనివాళ్ళది." ఆ పిల్లకి కూడా చెప్పటం ఇబ్బందిగానే ఉంది. "ఇంట్లో పెద్దలకి ఇంట్లోనే పెట్టుకుంటాం. ఇది బయటవాళ్ళకి. చనిపోయాక పెట్టే దిక్కు లేనివాళ్ళకి. నీళ్ళల్లో పోయినవాళ్ళు, దారిలో పోయినవాళ్ళు, యుద్ధంలో పోయి శవం కూడా దొరకనివాళ్ళు. ఈ నెలలో వాళ్ళందరూ ఆకలితో తిరుగుతుంటారంటారు. అందుకని వీధిలో పెడతారు. ఆ తగలబెట్టే కాగితాలు వాళ్ళకి పంపే డబ్బు. గొంతు సన్నగా ఉంటదట, అందుకే పల్చటి గంజి. చివర్లో బియ్యం, ఉప్పు, పేలాలు నేల మీద చల్లేస్తారు."

నీళ్ళల్లో పోయినవాళ్ళు, శవం దొరకనివాళ్ళు. ఆ పిల్లకి మా అన్న సంగతి తెలియదు, ఏదో వరసలో చెప్పుకుపోయింది. మా వైపు పేలాలు నేల మీద చల్లేది ఒక్కచోటే, పాడె ముందు. శవం ఇంటి దగ్గర లేచినప్పటి నుంచి శ్మశానం దాకా దారి పొడుగునా పేలాలు, చిల్లర చల్లుకుంటా పోతారు. మా నాన్నకి నేనే చల్లా. ఆ పేలాలు నేను కళ్ళకద్దుకుని తిన్నా! ఛీ, ఎంత పాపం! అంతకంటే ముందు ఇంకో ఆలోచన వచ్చింది నాకు, ఇప్పటికీ చెప్పాలంటే నోరు రాదు. మా అన్న కూడు నేను తినేశానా? పద్నాలుగేళ్ళుగా వాడికి మేం ఒక్క మెతుకు పెట్టలా. ఏదో దేశంలో ఎవరో తల్లి వాడిలాంటోళ్ళకి గుప్పెడు పేలాలు పెడితే, అక్కడికీ నేనే పోయి తిన్నా.

ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడ్డా. ముసలామె నేను భయపడ్డాననుకుని, నవ్వి, నా వీపు నిమిరి ఏదో అంది. "ఫర్లేదంట సర్. తిన్నందుకు ఏమీ కాదంట. బదులు మిమ్మల్ని కూడా చల్లమంటంది" అని చెప్పింది గైడు. ఈలోగా ఆమె నా దోసిట్లో పేలాలూ, బియ్యమూ, ఉప్పూ కలిపి పోసేసింది. నేను లేచి నిలబడ్డానే గానీ చెయ్యి కదల్లా. ఇది చల్లానంటే వాడు చచ్చినట్టు నేను ఒప్పుకున్నట్టేగా? మా అమ్మ పద్నాలుగేళ్ళు ఎవరి చేతా అనిపించని మాట, నేను ఈ సందులో నిలబడి అనేసినట్టేగా?

గైడుని అడిగా. "పోయాడో బతికున్నాడో తెలీని మనిషికి చల్లొచ్చా? ఆమెని అడుగు."

ఆ పిల్ల నా మొహం వంక చూసి, ఏమీ అడక్కుండా ఆమెని అడిగింది. ముసలామె నవ్వు ఆపేసింది. చాలాసేపు మాట్లాడింది. గైడు రెండు ముక్కల్లో చెప్పింది. "పోయుంటే ఆయన తింటాడంట. బతికుంటే ఆకలితో ఉన్న ఇంకెవరో తింటారంట. కూడు ఎటూ వృథా పోదంట." ఆగి మళ్ళీ చెప్పింది. "ఆమె అన్నయ్య కూడా యుద్ధానికి పోయి తిరిగి రాలేదంట. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ ఆయన ఫోటో పెద్దల పక్కన పెట్టనియ్యలేదంట. అందుకని ఈమె వీధిలో వాళ్ళతో కలిపి ఈ బల్ల మీద పెట్టేదంట, అమ్మకి చెప్పకుండా."

ముసలామె నా మోచేతిని కింది నుంచి కొంచెం ఎత్తింది, చిన్నపిల్లలకి దణ్ణం పెట్టటం నేర్పినట్టు. చల్లేశా. మనసులో వాడి పేరు అనుకునే చల్లా. పేవ్‌మెంటు రాళ్ళ మీద పేలాలు తెల్లగా పడ్డాయి. కళ్ళల్లో నీళ్ళు వాటంతటవే వచ్చాయి. రోడ్డు మీద మొగాడు ఏడుస్తంటే ఎట్టా ఉంటదో అని కూడా ఆలోచించలా. తినరా, అనుకున్నా. ఎక్కడున్నావో గానీ, తిను.

అప్పుడు మోగింది ఫోను. అమ్మ వీడియో కాల్. మన దగ్గర సాయంత్రం టీ టైము. రోజూ ఆ టైముకి వదిన ఫోను కలిపి అమ్మ చేతికిచ్చేది. ఎత్తకపోతే పదిసార్లు చేస్తది, విమానం కూలిందని భయపడుద్ది. ఎడమచేత్తో ఎత్తా. కుడిచేతికి ఇంకా నాలుగు పేలాలు అంటుకునే ఉన్నాయి, కళ్ళు తుడుచుకోబోయి ఆ చెయ్యే మొహం ముందుకి తెచ్చా.

"ఏందిరా మొహం అట్టా ఉంది? ఏడ్చావా?" అంది అమ్మ. తర్వాత ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "చేతికేంది? పేలాలా?"

"ఏం లేదమ్మా. ఇక్కడ పండగ. పున్నమి పండగ."

"కింద ఏందవి? పండగైతే పేలాలు కింద పోస్తారా?"

నేను ఫోను పైకెత్తాలనుకున్నా. ఆలస్యమైంది. అగరొత్తులు, గంజి గిన్నెలు, నేల మీద పేలాలు, బియ్యం అన్నీ చూసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఎన్ని పాడెలు లేవటం చూసుంటది! ఆమెకి గైడు అక్కర్లా.

"ఎవరికి చల్లావురా?"

నాకు అబద్ధాలు బాగానే వచ్చు. పొద్దున లేస్తే షాపులో రైతులతో, కంపెనీవాళ్ళతో ఎన్ని చెబుతానో. ఆ టైముకి ఒక్కటీ రాలా. అమ్మ నన్ను చూస్తానే ఉంది. ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలా. వదిన ఒక్క మెసేజ్ పెట్టింది. "ఏం చేశావు?"

మిగిలిన మూడు రోజులు వాళ్ళు పడవలెక్కించారు, గుహలు చూపించారు. నాకేమీ గుర్తులేదు. ఫోటోల్లో నేనున్నా, అంతే. మాచర్ల డీలరు కూడా ఎగతాళి మానేసి, "ఏం షావుకారూ, ఇంటికాడ అంతా బానే ఉందా?" అని రెండుసార్లు అడిగాడు. నాకున్న భయం ఒకటే. మా అమ్మ ప్రాణం నిలబడింది వాడొస్తాడనే ఆశ మీద. దాన్ని నేను వీడియోలో పీకేశా. ఇంటికి పోయేసరికి ఆమె కూడా మంచాన పడితే? హైదరాబాదులో దిగి, కారులో వాడపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు నీళ్ళ వంక చూడలేక కళ్ళు మూసుకున్నా.

అమ్మ మంచాన పడలా. గుమ్మంలో కూర్చునే ఉంది. కాళ్ళు కడుక్కోమంది, అన్నం పెట్టింది, పెరుగు వేసింది. నా మొహం మాత్రం చూళ్ళా. ఆరోజు ఫోను వదినకిచ్చేసి, "మీ మరిది ఎవరికో పేలాలు చల్లాడు" అని, గోడవైపు తిరిగి పడుకుందట. మర్నాడు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదట. నాలుగు రోజులు అట్టాగే నడిచింది. పక్షం రోజులు ఒక్కొక్కటీ తరుగుతున్నాయి, అమావాస్య దగ్గర పడతంది. నేను షాపులో రైతుల మీద అరుస్తున్నా, గుమాస్తా మీద అరుస్తున్నా. ఒకాయన నల్లికి మందు అడిగితే, తెచ్చుకున్న కొమ్మ కూడా చూడకుండా ఏదో ఇచ్చి పంపితే, పాపం, మళ్ళీ వెనక్కొచ్చాడు.

ఐదో రోజు వదిన షాపుకి ఫోన్ చేసింది. "ఇంటికి రా. వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేసెయ్. ఆమెకి తెలుసు, నీ నోటితో విందామని చూస్తంది. చెప్పబాక, చెప్పబాక అని ఇన్నేళ్ళూ దాచే గదా ఇట్టా తగలడ్డాం."

పోయా. మధ్యాహ్నం మూడు గంటలు. అమ్మ వసారాలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. ఎదురుగా నేల మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పా. ప్రసాదం అనుకుని తిన్నది చెప్పా. ముసలామె పరిగెత్తుకొచ్చింది చెప్పా. ఆమె అన్న సంగతి చెప్పా. "వాడికే చల్లానమ్మా" అన్నా. వదిన వంటింట్లో ఉంది, గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అమ్మ చేట కదపటం ఆపలా. రాయి ఒకటి ఏరి పక్కన పెట్టింది.

"నువ్వు చూశావా వాడు చచ్చిపోవటం?"

"చూళ్ళేదు."

"మరి ఎట్టా చల్లావు?"

చాలా సమాధానాలు సర్దుకుని వచ్చా. శాస్త్రం, పన్నెండేళ్ళు, వదిన బతుకు, అన్నీ. తీరా నోట్లోంచి వచ్చింది వేరు. "వాడికి ఆకలేస్తందేమో అనిపించిందమ్మా" అన్నా.

అమ్మ చెయ్యి ఆగింది. తిడతదనుకున్నా. లేచి తలుపేసుకుంటదనుకున్నా. వీధిలో ఉల్లిపాయల ఆటో అరుచుకుంటా పోయింది. అది మలుపు తిరిగిందాకా ఆగి అడిగింది.

"గంజి పోసిందన్నావే ఆమె. అందులో ఉప్పేసిందా?"

నాకు అర్థం కాలా. "ఏందమ్మా?"

"వాడు చప్పిడి గంజి తాగడ్రా. పసోడప్పుడు జ్వరమొచ్చినా, ఉప్పుగల్లు వేసి కలిపితేగానీ నోరు తెరిచేవోడు కాదు. చప్పిడిది పోస్తే అట్టాగే వదిలేసి లేచిపోతాడు. ఉప్పేసిందా, లేదా? సరిగ్గా చెప్పు."

నేను పేలాలు తిన్నా గానీ ఆ గంజి రుచి నాకేం తెలుసు? "వేసిందమ్మా" అన్నా. "బాగా వేసింది."

అమ్మ తల ఊపింది.

వంటింట్లో ఏదో జారి పడింది. చూస్తే వదిన గుమ్మానికి జేరబడి నేల మీద కూర్చునుంది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదురుతున్నాయి, చప్పుడు మాత్రం రావటం లేదు. బతికున్నోడి కోసం ఏడిస్తే వాడి ఆయుష్షు తరుగుద్దని అమ్మ ఆ రోజుల్లోనే ఆన పెట్టింది. వాడి చెప్పులు ఇంటికి తెచ్చిన రోజు నుంచి మా ఇంట్లో వాడి కోసం ఎవరూ బయటికి ఏడవలా.

అమ్మ చేట పక్కకి జరిపింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచి పోయి, వదిన పక్కన కూలబడింది. ఆమె నోట్లోంచి కొంగు లాగేసింది.

"ఏడవ్వే" అంది. "ఇంక గట్టిగా ఏడువు."